ఒక్క గడి కిందికి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే షేర్ల మార్కెట్టు మూడు నెలలు నన్ను ఏడిపిస్తే, మనిషిని తిట్టినట్టే దాన్ని తిట్టాను. ఎం.ఏ. చివరి ఏడాది పరిశోధనకి నేను తీసుకున్న ప్రశ్న చిన్నదే. ధరలు, వడ్డీ రేటు, మారకం విలువ మారితే షేర్ల మీద రాబడి ఎలా మారుతుంది? పదేళ్ల లెక్కలు, నెలకో వరస చొప్పున నూట ఇరవై వరసలు. వడ్డీ రేటు ఉలకలేదు, పలకలేదు. మారకం విలువ ఒక నెల అవునంది, మరుసటి నెల కాదంది.

చివరికి ధరల సూచీ దారికొచ్చింది. ధరలు దిగిన నెలల్లో షేర్లు చక్కగా పెరిగాయి. అంటే అలాంటి నెల చూసుకుని కొంటే లాభమే. పట్టిక చూసి మా మాస్టారు కుర్చీలో ముందుకి జరిగారు. ఆయన ఆనందం అంతకు మించి బయటపడదు. శుక్రవారం సదస్సులో నన్నే మొదట మాట్లాడమన్నారు. మా విభాగంలో జీతమిచ్చి చేర్చుకునే పరిశోధన సీటు ఒక్కటే ఉంది. అది నాకే అని ఆయన అనలేదు కానీ, లైబ్రరీలో ఏ బల్ల దగ్గర కూర్చుంటావని మాత్రం అడిగారు. ఆ సాయంత్రమే వెళ్లి కిటికీ పక్క బల్ల ఎంచుకున్నాను.

నేను ఉండేది మా పిన్ని దగ్గర. నన్ను చదివిస్తున్నదీ ఆవిడే. గణాంకాల ఆఫీసు తరఫున నెలనెలా అవే దుకాణాలకి వెళ్లి అవే వస్తువుల ధరలు రాసుకురావడం ఆవిడ ఉద్యోగం. ఉల్లిపాయలు, సబ్బు, చెప్పులు, మంగలి షాపులో క్షవరం. ఏదీ కొనదు. పద్దెనిమిదేళ్లుగా ఏమీ కొనకుండా ధరలడిగే మనిషిని దుకాణాలవాళ్లు ఎంత ప్రేమగా చూస్తారో చెప్పక్కర్లేదు. రిజిస్టరు నాకు చూపించదు, అది రూలు. కానీ మొహంలో సంగతి దాచుకోవడం ఆవిడకి చేతకాదు. ఇంట్లోకి అడుగు పెట్టే తీరు బట్టే ఆ నెల ధరలు ఎక్కాయో దిగాయో నాకు తెలిసిపోతుంది.

గురువారం భోజనాల దగ్గర నా పట్టిక గురించి గొప్పలు పోతుంటే, కూర వడ్డిస్తున్న పిన్ని ఆగింది.

"ఆ నెల ధరలు దిగాయని కొనేవాడికి ఎలా తెలుస్తుందే?"

"సూచీ చూస్తాడు."

"సూచీ వచ్చేది మరుసటి నెల సగం దాటాక కదా. నేను రాసిందంతా కూడి, సరిచూసి, బయటపెట్టేసరికి ఆ నెల ఎప్పుడో వెళ్లిపోతుంది. మరి మీవాడు నెల మొదట్లోనే ఎలా కొన్నాడు?"

ఏ నెల ధరలు ఆ నెలలోనే లోకమంతటికీ తెలుస్తాయని నేనెందుకు అనుకున్నానో అప్పుడు అర్థమైంది. మా ఇంట్లో తెలుస్తాయి కాబట్టి.

చెయ్యి కడుక్కుని, ఏ నెల ధరలైనా అవి బయటపడే నెల పక్కకి వచ్చేలా ధరల వరుసంతా ఒక్క గడి కిందికి జరిపి మళ్లీ లెక్కేశాను. లాభం హుష్ కాకి.

"నోరు మూసుకుని వడ్డించాల్సింది," అంది పిన్ని గుమ్మంలో నిలబడి.

"అవును, మూసుకోవాల్సింది," అన్నాను. పాత పట్టికే చూపిస్తే ఎవరికీ తెలియదు. మాస్టారికే తెలియలేదు. కిటికీ పక్క బల్ల కళ్ల ముందు మెదిలింది.

పొద్దున్నే పిన్ని రిజిస్టరు చంకలో పెట్టుకుని, నా మొహం చూడకుండా పనికి బయల్దేరింది. ఒక్క ధర తప్పు రాశానేమోనని అనుమానం వస్తే అంత దూరమూ మళ్లీ నడిచి వెళ్లే మనిషి. ఆ ఇంట్లోంచి పాత పట్టిక ఒక్కటే పట్టుకుని బయటికి రావడం నావల్ల కాలేదు.

సదస్సులో రెండు పట్టికలూ చూపించాను. నలభై మంది ముందు మాస్టారు అడిగారు, "మరి నీ పరిశోధనలో మిగిలిందేమిటమ్మా?"

"ఏమీ మిగల్లేదండీ. ఆ లాభం రావాలంటే ధరలు అందరికంటే ముందు తెలియాలి. అలా తెలిసినావిడ మా ఇంట్లో ఒకరున్నారు. పద్దెనిమిదేళ్లలో ఆవిడ ఒక్క షేరు కూడా కొనలేదు."

అందరూ నవ్వారు, మాస్టారు కూడా. సీటు మాత్రం మా క్లాసులో బ్యాంకుల మీద పరిశోధన రాసిన పొడుగబ్బాయికి వెళ్లింది. అతని పట్టికలో ఏదో ఉంది, నా దాంట్లో లేదు. న్యాయమే, అయినా ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి జరిగిందంతా పిన్నికి చెప్పాను.

"ఒక్కసారి కొందామనుకున్నానే," అంది పిన్ని. "నువ్వు కాలేజీలో చేరిన నెల. ఫీజుకి డబ్బు చాల్లేదు. ఏ కొట్లో చూసినా ధరలు దిగుతున్నాయి. దాచుకున్నది పట్టుకుని షేర్ల ఆఫీసు మెట్లదాకా వెళ్లాను. చంకలో రిజిస్టరు ఉంది. దానితో లోపలికి వెళ్లబుద్ధి కాలేదు."

ఆ ఫీజుకి గాజులు అమ్మిందని నాకు తెలుసు. మెట్ల సంగతి తెలియదు.

"కొనుంటే ఏమయ్యేదో నీ పట్టికలో ఉంటుందా?"

ఉంది. ఆ నెల షేర్లు పదకొండు శాతం పెరిగాయి. నూట ఇరవై నెలల్లో అంతకంటే మంచి నెల లేదు. పిన్ని నా భుజం మీదుగా తొంగి చూస్తోంది. కళ్లజోడు పెట్టుకోలేదు, అది లేకపోతే ఆవిడకి అంకెలు కనపడవు.

"పడిపోయాయి పిన్నీ," అన్నాను. "పదకొండు శాతం. కొనుంటే గాజులతోపాటు దాచుకున్నదాంట్లోనూ కొంత పోయేది."

"చూశావా," అంది పిన్ని, మొహం విప్పార్చుకుని. రెండు రోజులపాటు ఆ సంగతి ఆఫీసులో కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంది.