తోక తగిలిన ఖాతా

ఆమె బల్ల కింద మోకాళ్ల మీద కూర్చుని, సీపీయూ మూత ఊడదీసి, రంగులు వేసే కుంచెతో ఫ్యాను రెక్కల దుమ్ము దులుపుతుండగా కబురు వచ్చింది. రికార్డుల గదిలో తోటికోడలి కంప్యూటర్ మొరాయిస్తోందట. ఆ కార్యాలయంలో యంత్రాలన్నిటికీ ఆమె ఒక్కతే దిక్కు. చేతులు గుడ్డకు తుడుచుకుని, నడుము పట్టుకుని లేచింది.

తోటికోడలు కుర్చీ వెనక్కి జరుపుకుని, యంత్రానికీ తనకూ ఏ సంబంధమూ లేనట్టు కూర్చుని ఉంది.

"నన్ను గుర్తుపట్టడం మానేసిందక్కా. పాస్‌వర్డ్ సరైనదేనంటుంది, తలుపు తీసి ఖాళీ ఇల్లు చూపిస్తుంది."

నిజమే. తెర మీద ఒక్క ఫైలూ లేదు. తాత్కాలిక ప్రొఫైల్‌తో ప్రవేశించారన్న హెచ్చరిక మాత్రం మూలన వెలుగుతోంది. కారణం తేల్చడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. ముందురోజు సాయంత్రం యంత్రం పూర్తిగా ఆగకముందే ఎవరో ప్లగ్గు పీకారు. ఎవరో కాదు, తోటికోడలే. అత్తగారికి కొత్త పెట్టె కొనాలని, దుకాణం మూసేలోగా పరుగెత్తింది. ఆ తొందరలో, ఖాతా వివరాలు భద్రపరుచుకుంటున్న ఫైలు సగంలో తెగిపోయింది.

పెట్టె ఎందుకో ఆమెకు తెలుసు. మరిదికి వేరే ఊరికి బదిలీ అయింది. తోటికోడలూ అక్కడికే వేయించుకుంది. అత్తగారు తానూ వాళ్లతోనే వెళతానంది. ఈ సాయంత్రమే ప్రయాణం. తుంటి విరిగిన నాటి నుంచి అత్తగారిని లేవదీసినదీ, స్నానం చేయించినదీ, మందులు మింగించినదీ పెద్దకోడలైన ఆమే. చిన్నకోడలు పక్కన చేరి, ఆఫీసులోవాళ్ల నడకలు అనుకరించి నవ్వించేది. పెద్దకోడలి దగ్గర అత్తగారికి అవసరాలుండేవి, చిన్నకోడలి దగ్గర కబుర్లుండేవి. తలుపు అవతల ఆ నవ్వు వినపడినప్పుడల్లా పెద్దకోడలి చేతిలోని గిన్నె గట్టుకు కాస్త గట్టిగా తగిలేది.

సూపరింటెండెంటు గుమ్మంలో నిలబడి, ఫైళ్లు అప్పగించనిదే రిలీవ్ చేయడం కుదరదనీ, ఇవాళ కాకపోతే ఇక సెలవుల తరువాతేననీ చెప్పి, బాగవుతుందా అని అడిగాడు.

"చూడాలండీ," అందామె. "చెప్పలేను."

చెప్పగలదు. యంత్రం తన ఖాతాల జాబితా దాచుకునే రిజిస్ట్రీలో ఒకే పొడవాటి సంఖ్యతో రెండు నమోదులు కనిపిస్తున్నాయి. ఒకదాని చివర చుక్క పెట్టి బ్యాక్ అని తగిలించి ఉంది. దాన్ని ఆమె తోక అంటుంది.

"తోకున్నది చెడిపోయిందా అక్కా?"

"తోకున్నదే అసలుది. నీ ఫైళ్లన్నీ దాని కిందే ఉన్నాయి. రెండోది ఇవాళ పొద్దున పుట్టింది. దీని నంబరే పెట్టుకుని, దీన్ని పక్కకు నెట్టి, దీని చోట్లో కూర్చుంది."

"నన్నేనా అంటున్నావు?" అని తోటికోడలు నవ్వింది.

ఆమె నవ్వలేదు. ఇది బాగు కాదు అన్న ఒక్క మాట చాలు. సరిచూసేవాళ్లు లేరు. సెలవులయ్యేదాకా అత్తగారు ఇంట్లోనే ఉంటుంది. ఆలోగా మనసు మారవచ్చు. మౌసు మీద ఆమె వేలు కదలకుండా ఉండిపోయింది.

అప్పుడే తోటికోడలి ఫోను మోగింది. చెవుడు వచ్చిన అత్తగారి గొంతు గదంతా వినిపించింది.

"పెద్దది చూస్తోందా? అయితే అయిపోయినట్టేలే. నువ్వు తొందరగా వచ్చెయ్యి అమ్మడూ, నాకు తోచడం లేదు."

నమ్మకం తనకు, తోచకపోవడం తోటికోడలికి. అత్తగారు పంచిన తీరు ఆమెకు స్పష్టంగా అర్థమైంది. అయినా, అయిపోయినట్టే అన్న మనిషికి కాలేదని చెప్పడం ఆమెకు చేతకాలేదు. తన వాటాకు వచ్చింది అదొక్కటే; అదీ పోగొట్టుకుంటే ఇక ఏమీ మిగలదు. తాత్కాలికదానికి వేరే గుర్తు పెట్టింది. అసలుదాని తోక తీసేసింది. యంత్రాన్ని ఆపి మళ్లీ వేసింది.

ఫైళ్లన్నీ తిరిగి వచ్చాయి. వాటి వెనక, అత్తగారూ తోటికోడలూ ఒకే శాలువా కప్పుకుని నవ్వుతున్న ఫోటో. దాన్ని తీసింది ఆమే. అంచున ఆమె వేలు మసకగా పడింది.

సాయంత్రం కారు వచ్చింది. చంకల కింద చేతులు వేసి అత్తగారిని లేపి సీట్లో కూర్చోబెట్టింది పెద్దకోడలే. ఆ పట్టు చిన్నదానికి నేర్పమని అత్తగారు అడిగింది. నేర్పింది. కారు మలుపు తిరిగింది.

ఆమె లోపలికి వచ్చి అత్తగారి దుప్పటి మడిచింది. వంటింటి నుంచి తీగ లాగి తానే బిగించిన పిలుపు గంట మీట మంచం కోడుకు ఇంకా వేలాడుతోంది. ఆ ఎర్రటి మీట నడుమ, బొటనవేలు ఆనే చోట, రంగంతా అరిగిపోయి తెల్లగా, నున్నగా ఉంది.