స్టాంపు మీద గుర్రపు రౌతు

సినిమా హీరోగా వెలిగిన నాన్న స్మారక స్టాంపు విడుదలకు కాసేపు ఉందనగా తల్లి కళ్ళజోడు తుడుచుకుని నమూనా కాగితాన్ని మళ్ళీ చూసింది.

"ఇది మీ నాన్న కాదురా."

వేదిక వెనక గదిలో తల్లీకొడుకులిద్దరే ఉన్నారు. కొడుకు నవ్వేశాడు. తలపాగా, కత్తి, గుర్రం మీద ఆ ఠీవి. నాన్న కాకపోతే ఇంకెవరు? ఇంట్లో ఉన్న పాత ఫోటోల్లోంచి ఏరి తపాలా శాఖకు పంపింది తనే.

"మీ నాన్నకి గుర్రమంటే చచ్చేంత భయం. ఇది గుర్రాల బాబాయి."

బాబాయి సినిమాల్లో నాన్నకు డూప్. గుర్రాల మీంచీ మేడల మీంచీ ఆయన బదులు పడిన మనిషి. ఇద్దరి మేకప్పూ కలిసిందో లేదో చూసుకోవడానికి షూటింగుకు ముందు బాబాయినీ ఫోటో తీసేవారు. అవన్నీ నాన్న ఫోటోల్లో కలిసిపోయాయి.

కొడుకు కాగితాన్ని లాక్కుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. చిన్నప్పుడు అతను హాస్టల్లో, నాన్న షూటింగుల్లో. అయినా నాన్న ముచ్చట్లు చెప్పే ఊరూరా సన్మానాలు చేయించుకున్నాడు. కన్నతండ్రి ముఖం తెలియనివాడని రేపు లోకమంతా నవ్వుతుంది. నోరు విప్పొద్దని తల్లిని కాళ్ళావేళ్ళా పడి బతిమాలాడు.

"నేను ఊరుకుంటాను సరే. కానీ బాబాయి మొదటి వరసలోనే ఉన్నాడు, నేనే పిలిచాను."

ఇద్దరూ వేదిక మీద కూర్చున్నాక ముసుగు తొలగింది. నిలువెత్తు స్టాంపు బొమ్మ. హాలు హోరెత్తిపోయింది. బాబాయి చప్పట్లు మాత్రం మధ్యలోనే ఆగిపోయాయి. బొమ్మను తేరిపార చూసి, మెల్లగా లేచి, కుంటుకుంటూ వేదికెక్కాడు.

అయిపోయింది, అనుకున్నాడు కొడుకు.

బాబాయి మైకు అందుకున్నాడు. "మా హీరోగారు గుర్రమెక్కితే అచ్చం ఇలాగే ఉండేవారు. పక్కనుండి చూసినవాణ్ణి."

ఈలలు మోగాయి. దిగిపోతూ కొడుకు చెవిలో చిన్నగా అన్నాడు: "కంగారుపడకు బాబూ. మీ నాన్న బదులు పడటం నాకు కొత్తా?"

తర్వాత కొడుకు వంతు. ఒక్క మాట చెబితే సరిపోయేది. గొంతుదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా కెమెరాలున్నాయి. జేబులోంచి ఉపన్యాసం తీసి, నాన్న గుర్రపు స్వారీ గొప్పతనాన్ని తడబడకుండా చదివాడు. జనమంతా బొమ్మను చూస్తున్నారు. అతను మాత్రం తలెత్తలేకపోయాడు.

చదవడం పూర్తికాకముందే తల్లి వేదిక దిగి వెళ్ళి బాబాయి పక్కన కూర్చుంది.