విత్తనం అందుకోవాల్సిన సాయంత్రం

సోంబరు వేడి అంబలిని ఒక సొరకాయ బుర్రలోంచి ఇంకో బుర్రలోకి ఎత్తి పోస్తున్నాడు. చల్లారేదాకా అలా పోయడం రోజూ పొద్దున్నే అతని పని. మనవరాలు కనక ఎదురుగా గొంతుక్కూర్చుని, జారే ధారను కళ్ళతోనే తాగేస్తోంది.

"ఇంకా సల్లారలేదా తాతా?"

"మూతి కాల్తాదే గుంటా. ఉండు."

సోంబరు పొట్టి మనిషి. మోకాళ్ళు బయటికి వంగిపోయాయి. కుడి భుజం మీద కావిడి బద్ద ఒరిసి ఒరిసి నిమ్మకాయంత కాయ కట్టింది. భార్య దేముడమ్మ పోయేనాటికి కొడుకు బుధు ఇంకా పాకుతున్నాడు. పోడుకు వెళ్తే ఇంట్లో చూసే దిక్కు లేదు. కావిడిలో ఒక పక్క పిల్లాణ్ణి, రెండో పక్క తూకానికి రాయిని పెట్టుకుని కొండెక్కేవాడు. పిల్లాడు బరువెక్కిన కొద్దీ రాయి మార్చేవాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోమంటే, వీడు నడవనీ అన్నాడు. నడిచాక, పరిగెత్తనీ అన్నాడు. ఆ తర్వాత అడిగేవాళ్ళే విసుగెత్తి మానేశారు. బుధుకి పెళ్ళయి కనక పుడితే, ఆ గుంటను కూడా అదే కావిడిలో తిప్పాడు. పిల్ల నవ్వితే బరువు తెలియదని చెప్పేవాడు గానీ, సాయంత్రమయ్యేసరికి కోడలు రత్నాలు ఆ భుజానికి వేడి ఇసక కాపడం పెట్టాల్సి వచ్చేది.

అది విత్తులకు ముందొచ్చే ఇటుకల పండుగ ఆఖరి రోజు. కాలూ చెయ్యీ ఆడే మగవాళ్ళందరూ వేటకు పోయారు. బుధు మాత్రం చలిజ్వరంతో గొంగడి కింద వణుకుతున్నాడు. పొద్దుగూకే వేళకు ఊరి పూజారి దిసారి, గుడిలో పూజలో ఉంచిన విత్తనాన్ని ఇంటింటికీ పంచుతాడు. ఇంటి పెద్ద వెళ్ళి తన చేత్తోనే అందుకోవాలి. అందుకోని ఇల్లు ఊరంతా విత్తాక, అందరికంటే వెనక విత్తాలి. నిరుడు సోంబరు కాలు వాచి లేవలేకపోయాడు. వెనక విత్తిన సామ కంకి తొడిగేలోపే వానలు పోయాయి. ఏడాదంతా ఇల్లు మామిడి టెంకల అంబలి తాగింది. కనకకు కడుపు ఉబ్బి, చేతులు పుల్లలయ్యాయి. "ఈపాలి పాక్కుంటూనైనా ఒత్తాను" అని దిసారికి ముందే చెప్పుకున్నాడు సోంబరు.

సరిగ్గా ఆ రోజే దొరగారి కాంపు కదలాలా? కదిలింది మరి. కొండవాళ్ళ పితూరీ అణిగాక దొరలకు కొండల మీద ప్రేమ పుట్టి, నెలకో కాంపు వస్తోంది. కాంపు వస్తే వెట్టి వస్తుంది. గుమస్తా ఆదినారాయణ బెత్తం ఊపుకుంటూ ఊళ్ళోకి వచ్చి, ఇంటికో మనిషి రావాలన్నాడు. మగవాళ్ళు లేరంటే వినలేదు. బుధు మీది గొంగడిని బెత్తంతో లాగాడు.

సోంబరు చప్పున అడ్డం వచ్చాడు.

"జొరం బాబూ. ఆడు నిలబళ్ళేడు. నానొత్తాను."

"నువ్వా? మొయ్యగలవా?"

"ఈణ్ణి మోసినోణ్ణే బాబూ."

రత్నాలు గుమ్మంలోకి వచ్చింది. "మావా, ఇత్తనం?"

"రాతిగట్టు కాడ పక్కూరోళ్ళు అందుకుంటారు గదే. బేగి ఒచ్చెత్తాను" అని, చల్లారిన బుర్రను కనక చేతిలో పెట్టి బయలుదేరాడు. తను తాగలేదు.

మిగతా సామాను తెల్లవారకముందే గుర్రాల మీద కొండెక్కింది. మిగిలింది దొరగారి స్నానాల తొట్టి. మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత రేకు తొట్టి. దాన్ని తాళ్ళతో వాసానికి వేలాడగట్టి, ముందు సుక్రు, వెనక సోంబరు భుజానికెత్తుకున్నారు. సుక్రు పక్కింటి కుర్రాడు. పెళ్ళాం పురుడింట్లో ఉంది కాబట్టి వేట పనికిరాదని ఊళ్ళో ఆగిపోయాడు. లేచారో లేదో, దొరగారి కుక్క కాలికి ముల్లు గుచ్చుకుందని గుమస్తా దాన్ని తెచ్చి తొట్టిలో కూర్చోబెట్టాడు. కుక్కను అనేదేముంది, ఎక్కుతానని అది అడగలేదు.

కొండ నిండా వాగులే. ఎక్కడ మునిగినా ఒళ్ళు శుభ్రపడుతుంది. మరి దొరగారి ఒంటిమీద నీళ్ళు పడాలంటే ఒక ముసలివాడి భుజం ఎందుకు విరగాలి? ఈ మాట అడిగే నోరు ఆ కొండల్లో అప్పుడు లేదు. ఉన్న నోళ్ళను ఆ మధ్యనే తుపాకులతో మూయించారు.

రాతిగట్టు దగ్గర వెట్టి చేతులు మారాలి. ఇటు వాళ్ళు దింపితే అటు ఊరివాళ్ళు ఎత్తుకోవాలి. ఎన్నో ఏళ్ళుగా అదే కట్టు. ఆ రోజు అక్కడ ఎవరూ లేరు.

"ఆల్లూ ఏటకెల్లిపోనారు బాబూ. పండగ గదా" అన్నాడు సుక్రు.

"మీకు పండగ కాని రోజేది? నడవండి."

అక్కడే దింపేసి వెనక్కి రావచ్చు కదా అని పల్లంలో కూర్చున్నవాళ్ళు తేలిగ్గా అంటారు. దింపితే రేపు తన ఇంటికి ఎవరొస్తారో, గొంగడి కింద ఉన్నవాణ్ణి ఏం చేస్తారో సోంబరుకు తెలుసు. ఒకసారి తలెత్తి పొద్దు వైపు చూశాడు. వాసాన్ని ఎడమ భుజానికి మార్చుకుని నడిచాడు.

మలుపు పైన గుమస్తా పొగచుట్ట ముట్టించుకోడానికి ఆగాడు. తొట్టి దింపారు. సోంబరు బండకు ఆనుకుని కూర్చున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. భుజం మీది కాయ చిట్లి రక్తం చంకలోకి కారుతోంది.

"పొద్దుంది గదా సుక్రూ?"

"ఉంది సిన్నాన్నా."

"అయితే అందుకుంటాను."

సుక్రు అడ్డాకు దొప్పలో నీళ్ళు పట్టుకొచ్చేసరికి సోంబరు అలాగే కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఊరి వైపు తెరిచే ఉన్నాయి. తాగించబోతే నీళ్ళు గడ్డం మీదుగా జారిపోయాయి.

"లేవమను" అన్నాడు గుమస్తా.

"ఇంక లెగడు బాబూ."

గుమస్తా అయ్యో అన్నాడు. అనలేదని ఎందుకు అబద్ధమాడాలి? అని, తొట్టి వైపు తిరిగి, "మరి దీన్నెవరు మోస్తారు?" అని కూడా అన్నాడు.

సుక్రు ముసలివాణ్ణి వీపు మీదికి ఎత్తుకుని, తలపాగా విప్పి అతన్ని తన నడుముకు బిగించి కట్టుకుని, కొండ దిగిపోయాడు. గుమస్తా కేకలు మొదటి వంపుదాకా వినిపించాయి.

సుక్రు ఊరు చేరేసరికి వేటకు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి గుడి ముందు చేరి ఉన్నారు. శవాన్ని చూసి డప్పులు ఆగిపోయాయి. రత్నాలు ఏడుపు ఊరంతా వినబడింది. బుధు లేచి గోడ పట్టుకుని నిలబడ్డాడు, కానీ చావు మైల. మైల పడ్డ ఇంటివాడు విత్తనం ముట్టకూడదు. దొరగారి స్నానం కోసం, ఆ ఇల్లు ఈ ఏడు కూడా వెనకే విత్తాలి. కనకకు మళ్ళీ మామిడి టెంకలే.

దిసారి విత్తనం ఉన్న వెదురు బుట్టను ముందుకు జరిపాడు. విత్తనం ఆ సాయంత్రం పంచక తప్పదు. సోంబరు తర్వాత ఊళ్ళో వయసులో పెద్ద సోములమ్మ. మొగుడు పోయాక తన ఇంటికి ఆవిడే పెద్ద. దిసారి ఆవిణ్ణి పిలిచి దోసిలి పట్టమన్నాడు.

సోములమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నాకొద్దు. ఆ ఇల్లు సుద్దయినాక, బుధుకిచ్చినాక, నాకియ్యి."

దిసారి తర్వాతి ఇంటివాణ్ణి పిలిచాడు. అతనూ కదలలేదు. ఆ తర్వాతి వాడూ అంతే.

"వాన మీకోసం ఆగదర్రా!" అని అరిచాడు దిసారి.

"ఆగకపోతే అందరికీ ఆగదు" అంది సోములమ్మ.

ఒక్కొక్కరే లేచి సోంబరు ఇంటి వైపు నడిచారు. చివరికి దిసారి కూడా నడిచాడు. గుడి ముందు వెదురు బుట్ట ఒక్కటే ఉండిపోయింది. అంచుదాకా విత్తనం నిండి, పైన ఒక్క పిడికిలి తీసిన గుంట కూడా పడకుండా.