నాన్న కారు గొంతు

డ్రైవింగ్ నేర్పేవాడి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు బండిని తిన్నగా గోడ మీదికి తోలుతుంటే ఆపడానికి. ఏళ్ళ తరబడి ఆ బ్రేకు మీదే కాలు పెట్టుకుని బతికిన మనిషి కాబట్టి అతన్నందరూ బ్రేకు మాస్టరనే పిలిచేవారు. సొంత బావ కూడా. ఇంట్లో కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నా వీడి కాలు నేలని తొక్కుతూనే ఉంటుందని అక్క ఏడిపించేది. అందులో అబద్ధమేమీ లేదు.

వారమంతా ఆ పక్క సీట్లో కూర్చుని, వచ్చినవాళ్ళంతా గేర్లని నమిలి పారేస్తుంటే పళ్ళ బిగువున భరించేది ఆదివారం కోసం. ఆదివారం పొద్దున షెడ్డు తలుపు తీసి నాన్న కారు బయటికి తీసేవాడు. రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారు. టైర్ల కొట్టు నడుపుకునేవాడికి ఈ సోకేమిటని అప్పట్లో అందరూ నవ్వారట. అమ్మ నవ్వలేదు, అరిచింది. "ఇంట్లో నలుగురం. ఇద్దరు పట్టే బండి తెచ్చారు. మిగిలిన ఇద్దరం డిక్కీలో పడుకోవాలా?" అని. నాన్న ఉలకలేదు, పలకలేదు. అక్కనీ తమ్ముణ్ణీ ఒకే సీట్లో కుక్కి, ఊరవతల రోడ్డు దాకా తీసుకెళ్ళి తెచ్చేవాడు. ఆ సీట్లో అక్క మోచెయ్యి తన డొక్కలో గుచ్చుకోవడం మాస్టరుకి ఇప్పటికీ గుర్తే.

నిజం చెప్పుకోవాలంటే అది గొప్ప బండేం కాదు. వానొస్తే లోపల కూడా వానే. బ్రేకు తొక్కితే కాసేపు ఆలోచించుకుని అప్పుడు ఆగేది. మలుపు తిప్పేసరికి భుజాలు పడిపోయేవి. అయితేనేం, దాని గొంతు ఉంది చూశారూ, అది వేరు. మెల్లగా గొణుక్కుంటూ మొదలై, ఎక్కుతూ ఎక్కుతూ పైకి పోయి, అక్కడ ఒక్కసారి గొంతు విప్పేది. వీధిలో కుక్కలు సైతం మొరగడం మానేసి వినేవి. నాన్న పోయాక మాస్టరుకి మిగిలింది ఆ గొంతొక్కటే. పెళ్ళి చేసుకోలేదు, ఇల్లు కట్టుకోలేదు. ఎవరైనా అడిగితే, షెడ్డులో ఒకావిడుంది, దాన్ని పోషించేసరికే సరిపోతోందనేవాడు.

బావ పని చేసేది ఆ కారు తయారుచేసిన కంపెనీలోనే, చప్పుళ్ళ విభాగంలో. తలుపు పడితే ఏ చప్పుడు రావాలి, సీటు బెల్టు పెట్టుకోవడం మర్చిపోతే ఏ చప్పుడు రావాలి అని తేల్చే పని. అదీ ఒక ఉద్యోగమేనా అని మాస్టరు వేళాకోళం చేసేవాడు. ఆ కంపెనీ ఇప్పుడు పాత పేరు పెట్టి కొత్త స్పోర్ట్స్ కారు తెస్తోంది. కరెంటు బండి. బాణంలా పోతుంది, ఉలుకూ పలుకూ లేదు. కంపెనీ పెద్దలంతా ఎక్కి చూసి, ఇది స్పోర్ట్స్ కారా, ఫ్రిజ్జా అన్నారట. దానికి గొంతు పెట్టే భారం బావ నెత్తిన పడింది. మిషన్ల మీద ఏవేవో చప్పుళ్ళు అల్లాడు. ఒకటి మిక్సీలా వచ్చింది, ఇంకొకటి జుట్టు ఆరబెట్టుకునే దానిలా వచ్చింది. కంపెనీ వాళ్ళ సొంత పాత కారు అద్దాల గదిలో బొమ్మలా నిలబడి ఉంది తప్ప కదలదు. ఊళ్ళో కదిలే పాత కారు మాస్టరుదొక్కటే.

అడగడానికి బావ రాలేదు, అక్కని పంపాడు.

"ఒక్క రోజురా. చక్రాలు రోలర్ల మీద తిరుగుతాయి, మైకులు పెట్టి రికార్డు చేసుకుంటారు. బండి గది దాటి కదలదు," అంది అక్క.

"కదలకుండా తిరగడమే దానికి చేటక్కా. రోడ్డు మీదయితే గాలి తగులుతుంది. ముసలి ఇంజను, నిలబెట్టి తొక్కితే ఉడికిపోతుంది."

"దానికి పెద్ద ఫ్యాన్ పెడతారట. మనిషి ఎగిరిపోయేంత ఫ్యాన్. నువ్వు మరీ చేస్తావురా."

"వేరే ఎవరినైనా అడగమను."

అక్క దగ్గరికి జరిగి కూర్చుంది. తర్వాత మెల్లగా, "ఇది కుదరకపోతే ఆయన్ని పంపించేస్తారురా. నీ దగ్గర ఎప్పుడైనా ఏదైనా అడిగానా?" అంది.

అడగలేదు. ఆ మాటతో మాస్టరు చచ్చినట్టు ఒప్పుకున్నాడు.

బండికి తలంటు పోసినంత పని చేశాడు. కొత్త ఆయిల్ పోశాడు. ఎప్పుడూ వాడే రకం దొరక్కపోతే కొట్టువాడు ఇదీ అదీ ఒకటేనని ఇచ్చిన ఇంకో రకం పోశాడు. తనే నడుపుకుంటూ వెళ్ళి కంపెనీ గేటు దగ్గర తాళం బావ చేతిలో పెట్టాడు.

"బావా, ఒకే ఒక్క మాట. వేడి చూపించే ముల్లు సగం దాటిందంటే వెంటనే ఆపెయ్. ఇంకేం అడగను."

"నాకు తెలీదా బామ్మర్దీ! నా సొంత మామగారి కారు."

"లోపలికి నేనూ వస్తా."

"వద్దు. అక్కడ గాలి పీల్చినా మైకుల్లో పడుతుంది. నువ్వు కూర్చుంటే నేలని తొక్కుతూ ఉంటావు," అని బావ నవ్వాడు. మాస్టరూ నవ్వాడు. ఆ రోజు ఒక కుర్రదానికి లైసెన్సు పరీక్ష కూడా ఉంది. వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటి ముందుకి లారీ వచ్చింది. కారు దాని మీద పడుకుని వచ్చింది. కింద నల్లగా కారుతోంది. ఇంజను బిగుసుకుపోయింది, లోపల రాడ్డు విరిగి పక్కకి పొడుచుకొచ్చింది. ఇంజను బ్లాకు మీద పిడికిలి దూరేంత కన్నం. 

"ముల్లు సగం కూడా దాటలేదు బామ్మర్దీ," అన్నాడు బావ తల వంచుకుని. "ఉన్నట్టుండి పోయింది. వయసు కదా." ఆ కన్నం వైపు చూస్తూ అడిగాడు. "ఇంతకీ ఏం ఆయిల్ పోశావు?"

అంతే. ఆ ప్రశ్న మాస్టరు బుర్రలో దిగిపోయింది. ఏం ఆయిల్ పోశాను? ఎందుకు పోశాను? రెండు రోజులాగి ఎప్పుడూ వాడేదే తెప్పించుకుంటే ఏం పోయేది? కొట్టువాడి మీదికి వెళ్ళి అరిచాడు. వాడు డబ్బా తిప్పి చూపించి ఇందులో తేడా ఏముందండీ అన్నాడు. అయినా నమ్మకం కలగలేదు. ఊళ్ళో ఉన్న మెకానిక్కులందరినీ తెచ్చి చూపించాడు. ఇంజను ముక్కలయ్యాక ఎందుకు ముక్కలయిందో ఎలా చెప్తామన్నారు, ఈ కాలంలో దీని సామాను ఎక్కడా దొరకదన్నారు. నాన్న ఇన్నేళ్ళు నిలబెట్టిన బండిని చేతులారా చంపుకున్నానన్న మాట రాత్రీ పగలూ వదల్లేదు. అన్నం సయించేది కాదు. పాఠం చెప్తూ చెప్తూ పరధ్యానంలో పడి, తొక్కాల్సిన చోట బ్రేకు తొక్కక ఒకసారి శిష్యుడి చేత గేటుని గుద్దించాడు.

ఒక ఆదివారం అక్క వచ్చేసరికి షెడ్డులో కారు పక్కన నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. పెద్దవాడు, మీసమున్నవాడు, చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. "నాన్నకి మొహం ఎలా చూపించనక్కా? ఆ దిక్కుమాలిన ఆయిల్ పోసి..." అంటుంటే అక్క పక్కనే కూర్చుని వీపు నిమిరింది. "ఊరుకోరా. తప్పు ఎవరివల్లయినా జరుగుతుంది. నాన్న ఉంటే ఏమీ అనేవాడు కాదు. నేనూ ఏమీ అనుకోవడం లేదు," అంది. ఆ మాట పట్టుకునే అతను మళ్ళీ మనుషుల్లో పడ్డాడు.

కొత్త కారు బజారులోకి వచ్చింది. పేపర్లలో ఒకటే పొగడ్త. పాతదాని ఆత్మ దిగివచ్చిందని ఒకడు, కళ్ళు మూసుకుంటే అదే బండని ఇంకొకడు రాశారు. బావకి పెద్ద కుర్చీ ఇచ్చారు. కంపెనీ ఒక బండి కూడా ఇచ్చింది. దాన్నేసుకుని ఒక ఆదివారం మాస్టరు ఇంటి ముందు ఆగాడు.

"ఎక్కు బామ్మర్దీ. తిరిగొచ్చి మా ఇంట్లోనే భోజనం. మీ అక్క ఎదురుచూస్తోంది."

వెళ్ళాలని లేదు. అయినా అక్క పేరు చెప్పాక ఎక్కాడు. పక్క సీట్లో కూర్చోగానే అలవాటుగా కాలు బ్రేకు కోసం వెతుక్కుంది. లేదు.

కారు మంచిది. ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని మాస్టరు అణువణువూ వెతికాడు. నాన్న కారు పక్కకి జారే మలుపులో ఇది పట్టాల మీద ఉన్నట్టు తిరిగింది. బ్రేకు తొక్కితే తొక్కిన చోటే ఆగింది. గతుకుల్లో నడుము అదరలేదు. సీటు వెన్నుని పట్టి కూర్చోబెట్టింది. ఇంత నాణ్యంగా చేసినందుకు అతనికి కడుపు మండింది. ఎక్కడైనా కాస్త చెత్తగా ఉంటే బాగుండుననిపించింది.

ఊరు దాటాక రోడ్డు ఖాళీ అయింది. "ఇప్పుడు విను," అని బావ గట్టిగా తొక్కాడు.

నాన్న కారు అరిచింది. నాలుగు వైపుల నుంచీ, తలుపుల్లోంచీ, సీటు కిందనుంచీ. అదే గొణుగుడు, అదే ఎక్కడం, పైకి పోయి అదే గొంతు విప్పడం. మాస్టరుకి కళ్ళు నిండాయి. పైన ఆఖర్న ఎప్పుడూ వినని జీర ఒకటి ఉంది. గొంతు చీలుతున్నట్టు. అది కూడా అందంగానే ఉంది.

బావ అతని కళ్ళు చూసి పొంగిపోయాడు. పని బాగా కుదిరిందని అవతలివాడు కన్నీళ్ళు పెట్టుకుంటే ఏ పనివాడు నోరు అదుపులో పెట్టుకుంటాడు?

"చూశావా! ఇది అంత తేలిగ్గా రాలేదు తెలుసా. పొద్దుట్నించీ రికార్డు చేసిన టేకులన్నిట్లోనూ వెనకాల బుయ్యిమని ఒకటే ఫ్యాన్ మోత. మిషన్లో ఎంత కడిగినా పోదు. మధ్యాహ్నానికి విసుగెత్తి, ఆపండ్రా ఆ ఫ్యాను అన్నాను. ఆపాక వచ్చింది చూడు, అబ్బబ్బ! ఒక్క టేకు. వేడెక్కేకొద్దీ గొంతు ఇంకా విచ్చుకుంది. ఆఖర్న ఆ జీర విన్నావు కదా, అది చల్లగా ఉన్నప్పుడు రానేలేదు."

మాస్టరు అద్దంలోంచి రోడ్డుకేసే చూస్తున్నాడు.

"ముల్లు ఎక్కడుంది బావా అప్పుడు?"

"ఏ ముల్లు?"

"వేడి ముల్లు."

అప్పుడు తెలిసింది బావకి తను ఏం మాట్లాడాడో. కారు మెల్లగా నడిపాడు. లోపల గొంతు కూడా మెల్లగా గొణుక్కుంది.

"చివరికంటా వెళ్ళింది," అన్నాడు. "మధ్యలో ఆపితే టేకు పోతుంది కదా. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అనుకున్నాను."

"మరి ఆయిల్?"

"ఏదో ఒకటి అనాలి కదా బామ్మర్దీ. నువ్వు అలా చూస్తుంటే నోటికొచ్చింది అనేశాను. నువ్వు అంతగా పట్టించుకుంటావని అనుకోలేదు."

అతని పీక పట్టుకోవాలనిపించింది మాస్టరుకి. కానీ ఎదురుగా తెర మీద చిన్న స్పీకరు బొమ్మ కనబడింది. వేలితో నొక్కాడు. గొంతు ఆగిపోయింది. గాలి చప్పుడొకటే మిగిలింది.

"ఇప్పుడు తొక్కు."

"ఎందుకు?"

"తొక్కమన్నానా!"

బావ తొక్కాడు. కారు ఇందాకట్లాగే వీపుని సీటుకి అదిమి దూసుకుపోయింది. చెట్లు అంతే జోరుగా వెనక్కి పోయాయి.

"తగ్గిందా వేగం?"

"లేదు. ఆ చప్పుడుకీ ఈ పరుగుకీ సంబంధం లేదు. అది ఊరికే, కొనేవాళ్ళ సరదాకి."

"సరదాకి," అన్నాడు మాస్టరు.

తిరిగొస్తున్నంతసేపూ మాస్టరు ఆలోచన అంతా అక్క మీదే. చెప్తే ఏమవుతుంది? ఈ మనిషితో కాపురం చేయాల్సింది అక్కే. నాన్న కారుని మొగుడే చంపాడని తెలిస్తే ఇతని మొహం చూస్తూ అన్నం ఎలా వడ్డిస్తుంది? జన్మలో క్షమించదు. పోయిన ఇంజను ఎటూ రాదు, అక్క సంసారం కూడా ఎందుకు చెడగొట్టాలి? మింగెయ్యాలి. ఇన్నాళ్ళూ లేని తప్పునే మింగాను, ఇదొక లెక్కా అనుకుని మనసు రాయి చేసుకున్నాడు. ఇల్లు చేరాక బావ కారులోనే కూర్చుండిపోయాడు. మాస్టరు చెప్పులు విప్పి, మొహం తుడుచుకుని, నవ్వు పులుముకుని వంటింట్లోకి వెళ్ళాడు.

అక్క కుళాయి కింద కంచాలు కడుగుతోంది. "ఎలా ఉందిరా కొత్త కారు?" అంది వెనక్కి తిరక్కుండానే.

"బాగుందక్కా. నాన్న కారు కంటే అన్నిట్లోనూ బాగుంది. మలుపులు, బ్రేకులు, సీట్లు, అన్నీ."

నాన్న కారు కంటే బాగుందన్న మాట అతని నోట్లోంచి రావడంతో అక్క గిరుక్కున తిరిగింది. మొహంలోకి చూసింది. కుళాయి కట్టేసింది.

"ఆయన చెప్పేశారా నీతో?" అంది.

ఏం చెప్పేశారని అడుగుతోందో మాస్టరుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం చేతకాలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. ఇంటికి రాగానే చెప్పారు. ఉద్యోగం పోతుందని భయంరా. నీకు తెలిస్తే గొడవ చేస్తావని, మెల్లగా నేనే చెప్దామని..." అక్క తడి చేతులు చీరకి తుడుచుకుంటూనే ఉంది.

"షెడ్డులో నా పక్కన కూర్చుని, నేనేమీ అనుకోవడం లేదురా అన్నావు," అన్నాడు మాస్టరు. "దేనికి అక్కా నన్ను క్షమించావు?"