రాగం అచ్చులో పడదు

శుక్రవారం పొద్దు గుంకకముందే కునిగుండ్ వచ్చింది. ఎప్పటిలా నేరుగా వంటింట్లోకి రాలేదు. చేతిలో పత్రికతో గుమ్మంలోనే నిలబడింది.

లేసర్‌కు విషయం అర్థమైంది. యూదుల మీద విషం కక్కే ఆ పత్రికను ఊరి నడిబొడ్డున బోర్డుకు అతికిస్తున్నారు. మొదట్లో చదివి నవ్వుకున్నవాళ్ళు ఈమధ్య నవ్వడం మానేశారు.

శుక్రవారం పొద్దు గుంకిన దగ్గర్నుంచి శనివారం పొద్దు గుంకేదాకా సబ్బాతు; అప్పుడు యూదులు నిప్పు ముట్టరు. లేసర్ భార్య ఫ్రోమెట్ కాపురానికి వచ్చిన నాటి నుంచీ, శనివారం పొద్దున ఆ ఇంట్లో పొయ్యి రాజేసేది యూదురాలు కాని పొరుగింటి కునిగుండే. వెళ్తూ వెళ్తూ జడలా అల్లిన రొట్టెలో సగం పట్టుకుపోయేది. ఫ్రోమెట్ పోయాక కూడా మానలేదు.

"లేసరన్నా, ఒక్కటే అడుగుతా. పరాయివాడి సొత్తు దోచుకోవచ్చు అని మీ తాల్ముద్ గ్రంథంలో ఉందంట. ఉందా, లేదా?"

ఫ్రోమెట్ అయితే "లేదు, నీ మొహం! కూర్చో, కాఫీ తాగు" అనేది. అంతటితో తీరిపోయేది. లేసర్‌కు ఆ తెలివి లేదు. చిన్నప్పుడు బెత్తం దెబ్బలతో వంటబట్టిన చదువు. ఉన్న వాక్యాన్ని లేదనలేడు.

"ఉంది," అన్నాడు.

ఆమె మొహం పాలిపోయింది.

"ఆగు తల్లీ, అది ప్రశ్న. మా పుస్తకంలో ప్రశ్న గుర్తులుండవు. రాగం తీసి చదివితేనే తెలుస్తుంది." గొంతు సవరించుకున్నాడు. "పరాయివాడి సొత్తు దోచుకోవచ్చూ...?" గొంతు పైకి లేచి, మెల్లగా దిగింది. "కూడదు. అదీ జవాబు. దాన్ని ఆ పత్రికవాడు కత్తిరించేశాడు."

"పాటలు పాడి తప్పించుకోకన్నా. అడిగితే ఏదో ఒకటి చెప్తారులే అని మావాడు ముందే అన్నాడు."

"మీవాడి ఆవు తప్పిపోతే వెతికి తోలుకొచ్చిందెవరే?"

"నువ్వే."

"మరి?"

"ఆవు సంగతి అచ్చులో లేదుగా."

పత్రిక మడిచి వెళ్ళిపోయింది. రేపు వస్తానని అనలేదు. వస్తావా అని అతను అడగలేదు.

తెల్లారింది. కిటికీ అద్దాల మీద మంచు పేరుకుంది. లేసర్ కోటు తొడుక్కుని చల్లటి పొయ్యి ముందు కూర్చున్నాడు. అగ్గిపెట్టె చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. చాపలేదు. కునిగుండ్ ఇంటి పొగగొట్టం లోంచి పొగ లేస్తోంది. అంటే, లేచే ఉంది.

ఎప్పటిలాగే రొట్టెలో సగం కోసి, గుడ్డలో చుట్టి గుమ్మం దగ్గర పెట్టాడు. మధ్యాహ్నానికి అది గట్టిపడింది.

ఫ్రోమెట్ ఉంటే తాల్ముద్ సంగతి ఎత్తేదే కాదు. కునిగుండ్‌కి కాఫీ అయినా పోశావా అని అడిగేది.

పోయలేదు.