బురదలో బోటు షికారు

ఆదివారం పొద్దున రేవుకు వెళ్లేసరికి పిట్టలగుట్ట చుట్టూ నీళ్లు లేవు. కింద డ్యాం గేట్లు ఎత్తడంతో శుక్రవారం నుంచే కృష్ణ తగ్గుతూ వచ్చింది. ఆదివారం దాకా ఆగుతుందిలే అన్నాడు యాదగిరి మామ. ఆగలేదు. మా ఊరికీ గుట్టకూ మధ్య ఇప్పుడు బురద ఉంది. ఆ బురదలో మా బోటు ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. దాని పక్కనే ఈదయ్య తాత బర్రెలు హాయిగా పడుకున్నాయి.

పాలకీడు దాటి లోపలికి వస్తే మా ఊరు. నీళ్ల మధ్య ఉండే ఆ గుట్టను చూడడానికి వచ్చేవాళ్ల మీదే ఊరంతా బతుకుతుంది. అమ్మ చేపలు వేయించి అమ్ముతుంది. తాత జున్ను అమ్ముతాడు. మామ బోటు నడుపుతాడు. బోటులో నిలబడి వచ్చినవాళ్లకు అన్నీ చెప్పే పని గోపి అన్న చేసేవాడు. అన్నకు కోదాడలో ఉద్యోగం దొరకడంతో ఆ చోటు ఖాళీ అయింది. అది నాకు కావాలని అమ్మతో చెప్పాను. అమ్మ మామతో చెప్పింది. మామ కడుపు పట్టుకుని నవ్వాడు.

"బడిల హాజరు పిలిస్తే చెయ్యి లేపుతది గని నోరు తెర్వది. గిదేం గైడైతది?"

మామ అన్నది నిజమే. కానీ గుట్ట మీద ఏ పొదలో ఏ పిట్ట గూడు పెట్టిందో నాకు తెలుసు. ఒడ్డున కూర్చుని చేపలు కడిగే ప్రతి ఆదివారం నా కళ్లు ఆ గుట్ట మీదే ఉండేవి. అమ్మ విడవకుండా అడిగితే చివరికి మామ దిగివచ్చాడు.

"ఈ ఆదివారం ఒక్కపాలి సూస్త. మంచిగ చెప్తే సింధునే పెట్టుకుంట. లేకపోతే గోవర్ధన్‌ను పిలుస్త. వాని దగ్గర మైకు గూడ ఉన్నది."

గోపి అన్న చెప్పే మాటలన్నీ బట్టీ పట్టాను. మా మేకల ముందు నిలబడి రోజూ అప్పజెప్పాను. అవి మధ్యలో ప్రశ్నలు అడగలేదు.

ఇప్పుడు చూస్తే నీళ్లే లేవు.

"ఇగ ఖతం. ఫోన్ చేసి రావద్దని చెప్త," అని మామ జేబులో చెయ్యి పెట్టాడు. అంతలోనే డీసీఎం వ్యాన్ హారన్ వినిపించింది.

మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసే ఆడవాళ్లు. వ్యాన్ నిండా ఉన్నారు. అందరికంటే ముందు దిగిన పుష్పమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ద్వీపం అంటివి గదయ్యా. ఏది?"

"గదేనమ్మా," అన్నాడు మామ, మెల్లగా.

"గది గుట్ట! గసొంటిది మా వేములపల్లి కాడ గూడ ఉన్నది. దానికి కిరాయి వ్యాన్ ఎందుకు?"

"ఎక్కుర్రే, సాగర్ పోదాం," అంది వెనక నుంచి సుందరమ్మ.

కొందరు వ్యాన్ వైపు తిరిగారు. వాళ్లు వెళ్లిపోతే నా ఆదివారం కూడా వెళ్లిపోతుంది. ఆగమని అడగడానికి నాకు మాట రాలేదు. వచ్చిన మాటలు బట్టీ పట్టినవే. అవి కూడా బోటులో నిలబడితేనే వస్తాయి. చెప్పులు విడిచి బురదలోకి దిగాను. ఒరిగిన బోటు ఎక్కి, గోపి అన్న నిలబడే చోట నిలబడ్డాను.

"నమస్కారమండీ. పిట్టలగుట్టకు స్వాగతం. ఎడమ వైపు చూడండి, కృష్ణమ్మ."

అందరూ ఎడమ వైపు చూశారు. అక్కడ బర్రె తోక ఊపింది.

ఎవరో కిసుక్కుమన్నారు. అయినా నేను ఆగలేదు. ఆగితే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

"కుడి వైపు చూడండి, కృష్ణమ్మ. ఇక్కడ నీళ్లు రెండు తాటిచెట్ల లోతు. ఎవరూ చేతులు బయట పెట్టకండి."

"ఓ సుందరమ్మా, పట్టుకోవే! మునుగుతున్న!" అని కేక వేసి, పుష్పమ్మ చీర ఎత్తి దోపుకుని బురదలోకి దిగింది.

ఆమె వెనకే అందరూ దిగారు. జారుతూ, ఒకరినొకరు లాగుతూ బోటు నిండా ఎక్కారు.

"డ్రైవర్ ఏడి? ఓ తమ్మీ, జర ఇంజన్ స్టార్ట్ చెయ్యి!"

మామ గుంజలా నిలబడ్డాడు. తర్వాత ఏమనుకున్నాడో, తనూ ఎక్కి, ఇంజన్ మీద చెయ్యి వేసి, నోటితోనే డుర్‌ర్‌ర్ అన్నాడు.

"ఇప్పుడు బోటు కొంచెం ఊగుతుంది. భయపడకండి," అన్నాను. అన్నానో లేదో, అందరూ కలిసి ఊగారు. సుందరమ్మ వాంతి వస్తోందని మామ భుజం మీద పడింది. బర్రెలు లేచి వెళ్లిపోయాయి.

"గట్టు వచ్చింది, దిగండి," అనేసరికి గోపి అన్న మాటలు అయిపోయాయి. బురదలో నడుచుకుంటూ గుట్ట ఎక్కాం. తుమ్మకొమ్మలకు వేలాడే గిజిగాడి గూళ్లు చూపించాను. మెట్టు మెట్టుకూ ఎవరో ఒకరు ఏదో అడుగుతూనే ఉన్నారు. నేను చెబుతూనే ఉన్నాను. వాళ్లు దిగివచ్చి అమ్మ వేయించిన చేపలన్నీ తిన్నాకే వ్యాన్ ఎక్కారు. మామ నవ్వుకుంటూ బోటు కడిగాడు.

బుధవారం నీళ్లు వచ్చాయి. గురువారం సూర్యాపేట నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మామ స్పీకర్ పెట్టాడు.

"మా చెల్లె మిల్లుల పని చేస్తది, వీడియో సూపించింది. బురదల బోటు షికారంట గదా? మాకు గదే కావాలె."

మామ నిండుగా ఉన్న కృష్ణను చూసి, తప్పు చేసినవాడిలా గొంతు తగ్గించాడు. "నీళ్లొచ్చినయమ్మా."

"అయ్యో! మళ్ల ఎప్పుడు పోతయి?"

"గది మన చేతుల లేదమ్మా."

"పోనీ, గా గైడు పిల్లన్న ఉన్నదా?"

మామ నా వైపు చూశాడు. "ఎటు పోతది? మా మేనకోడలే. ప్రతి ఆదివారం ఉంటది."

ఆ ఆదివారం బోటు నిజంగానే కదిలింది. సూర్యాపేట వాళ్లంతా నా వైపే చూస్తున్నారు. చుట్టూ ఎటు చూసినా నీళ్లే.

"నమస్కారమండీ. ఎడమ వైపు చూడండి, ఈదయ్య తాత బర్రెలు."

అందరూ నీళ్ల వైపు చూశారు. ఫోన్ చేసిన ఆవిడ చెయ్యెత్తి, వేలు పెట్టి చూపించింది.

"గా కొమ్ములు వంకర తిరిగిన బర్రెనా?"

"అదేనండీ," అన్నాను.