కనిపించని దాతలు

అశోక్‌నగర్‌లో ఓ చిన్న కంప్యూటర్ ఆఫీసులో సంజన వెబ్ పేజీలు తయారుచేసేది. చిక్కడపల్లి రక్తదాతల సంఘానికి ఆమె చేసిన పేజీలో ఎర్రంచుల గళ్లు, గళ్లలో దాతల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండేవి. సంఘం నడిపే గోవర్ధన్ గారు దాన్ని చూసి తెగ మురిసిపోయేవారు.

1999 వానాకాలంలో ఒకరోజు సంజన సంఘంలో ఉండగానే, విద్యానగర్ నుంచి రాజకుమారి అనే ఆవిడ తడుస్తూ వచ్చింది.

"మా చెల్లెకు ఆపరేషన్. రక్తం కావాలె. నారాయణగూడల నెట్ సెంటర్‌కు పోయి మీ పేజీ తెరిస్తే సంఘం పేరు తప్ప ఏం రాలే. మూసేసిన్రనుకున్న. ఈడనే ఉన్నరని ఎవరో చెప్తే ఉరికొచ్చిన."

గోవర్ధన్ గారు వెంటనే దాతలకు ఫోన్లు కలిపారు. సాయంత్రానికి రక్తం అందింది, ప్రాణం నిలిచింది.

సంజన మనసు మాత్రం కుదుటపడలేదు. నెట్ సెంటర్‌కు వెళ్లి చూసింది. అక్కడ ఉన్నది తన ఆఫీసులోది కాదు, వేరే బ్రౌజర్. పేరు కింద అంతా తెలుపే.

"ఆ బ్రౌజర్ వాడొద్దని పేజీ మీద రాసెయ్, అయిపోతది," అన్నాడు ఆఫీసు యజమాని అఖిల్.

"రక్తం కోసం తిరిగేటోళ్లు బ్రౌజర్ మార్చుకుంట కూసుంటరా సార్?"

బ్రౌజర్లన్నిటికీ ఉమ్మడిగా రాసిన ప్రమాణాలు ముందు పెట్టుకుని, తన పేజీ కోడ్‌ను వరసగా చదివింది. గళ్ల పట్టిక ఇక్కడ మొదలని రాసింది గానీ, ఇక్కడితో ముగిసిందని రాయడం మరిచింది. ఆఫీసు బ్రౌజర్ ఆ లోపాన్ని తనే సర్దుకుని చూపించేది. రెండోది ముగింపు కోసం చూస్తూ ఆగిపోయేది. అప్పటిదాకా ఆ రెండోదాన్నే తిట్టుకున్న సంజనకు, తప్పును కప్పిపెట్టిన ఆఫీసు బ్రౌజర్ మంచితనం మీద కోపం వచ్చింది.

పట్టికను ముగించింది. ప్రమాణాల్లో లేని సోకులన్నీ తీసేసింది. గోవర్ధన్ గారు చిన్నబుచ్చుకున్నారు.

"గింత బోసిగ చేసినవేందమ్మా?"

ఆమె ఆయన్ను నెట్ సెంటర్‌కు తీసుకెళ్లి పేజీ తెరిచింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, తెరకు దగ్గరగా వంగి, ఒక్కో పేరూ పైకి చదివారు. చదువుతూ చదువుతూ ఆగారు.

"ఓదెలు అంబర్‌పేట్‌కు ఇల్లు మారిండు. ఫోన్ నంబర్ గూడ మారింది. జర సరిచెయ్యమ్మా."

సంజన కుర్చీ ముందుకు జరుపుకుంది. "చెప్పండి సార్."